హైబ్రిడ్ కారు కొనడం లాభమా? హథ్‌ఖోజ్ దారులపై ఒక లెక్క

పెట్రోలు ధర లీటరుకు వంద రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ రోజులలో, హైబ్రిడ్ కొంటే ఖర్చు కలిసివస్తుందా అన్న ప్రశ్న కారు కొనదలచిన ప్రతి ఇంటా వినిపిస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయ్ ఉక్కు నగరాన్ని ఆనుకుని ఉన్న హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతంలో ఈ ప్రశ్నకు మరికొంత బరువు ఉంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. ఇటువంటి ఇళ్ళలో కారు కొనుగోలు తరచు పదవీవిరమణతో ముడిపడి ఉంటుంది. భవిష్యనిధి, గ్రాట్యుటీ చేతికి అందిన తరువాత కొనే ఆ కారు చాలామందికి చివరి కారు. హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టే రెండు లక్షల రూపాయలను మళ్ళీ సంపాదించే అవకాశం వారికి ఉండదు. కాబట్టి ప్రకటనలో కనిపించే మైలేజీ అంకెను పక్కన పెట్టి, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎటువంటి దారిలో తిరుగుతారు అన్న రెండు విషయాలతో లెక్క మొదలుపెట్టడం మంచిది.

పేరు ఒకటే, యంత్రాలు వేరు

హైబ్రిడ్ అన్న మాటను మన విపణిలో రెండు భిన్నమైన యంత్రాలకు వాడుతున్నారు. ఈ తేడా తెలియక మోసపోయామని తరువాత బాధపడేవారు తక్కువమంది కారు.

మొదటిది మైల్డ్ హైబ్రిడ్. 2015లో మారుతి సియాజ్‌తో ప్రచారంలోకి వచ్చి, తరువాత ఎర్టిగా, బ్రెజా వంటి వాహనాలకు విస్తరించిన ‘స్మార్ట్ హైబ్రిడ్’ ఈ కోవలోనిదే. ఇందులో ఉండే చిన్న విద్యుత్ యంత్రం సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను తిరిగి నిశ్శబ్దంగా నడిపిస్తుంది, వేగం అందుకునేటప్పుడు కొంత ఊతమిస్తుంది. అంతకుమించి అది ఒంటరిగా చక్రాలను తిప్పలేదు. రెండవది స్ట్రాంగ్ హైబ్రిడ్. దీనిలో ఇంజన్ పూర్తిగా ఆగి ఉన్నప్పుడు కూడా విద్యుత్ మోటారు కొంత దూరం కారును నడపగలదు. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్, అదే ఏడాది వచ్చిన టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల పై శ్రేణి నమూనాలు, ఆ తరువాత వచ్చిన ఇన్నోవా హైక్రాస్, ఇన్విక్టో ఈ రకానికి చెందినవి. వీటిని గోడకు ఉన్న ప్లగ్గుకు తగిలించే పని లేదు. కావలసిన విద్యుత్తును కారే తయారుచేసుకుంటుంది. ప్లగ్గు ఉన్న మూడవ రకం మన దేశంలో ఖరీదైన విదేశీ కార్లకే పరిమితం కాబట్టి ఇక్కడ దాని చర్చ అనవసరం.

ఈ పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. టొయోటా ప్రియస్ జపాన్‌లో 1997 డిసెంబరులోనే వచ్చింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ అడుగుపెట్టినా, దిగుమతి భారం వల్ల సామాన్యుడి దరి చేరలేదు. మధ్యతరగతి కొనుగోలుదారు దీనిని గురించి ఆలోచించవలసిన పరిస్థితి 2022 తరువాతనే ఏర్పడింది.

పొదుపు ఎక్కడ పుడుతుంది

సాధారణ పెట్రోలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ, అంతవరకు పెట్రోలు కాల్చి సంపాదించిన వేగమంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు ఆ క్షణాన జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలో దాస్తుంది. ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఉన్న భిలాయ్ వాసులకు ఇది బొత్తిగా అపరిచితమైన సంగతి కాదు. గూడ్సు బండ్లను లాగే డబ్ల్యూఏజీ-9 తరగతి ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు విద్యుత్తును పై తీగకు తిప్పి పంపేది ఈ సూత్రం మీదనే. రైలుకు పై తీగ ఉంది, కారుకు చిన్న బ్యాటరీ మాత్రమే ఉంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోవాలి, కనుమ దారి ప్రస్తావనలో మళ్ళీ అవసరమవుతుంది.

రెండవ మూలం ఇంజన్‌లోనే ఉంది. ఈ కార్లలో ఎక్కువగా అట్కిన్సన్ పద్ధతిని అనుసరిస్తారు. 19వ శతాబ్దపు ఆంగ్ల ఇంజనీరు జేమ్స్ అట్కిన్సన్ ఆలోచనకు ఇది ఆధునిక రూపం. ఇంధనం నుంచి ఎక్కువ పని రాబట్టగలిగినా, తక్కువ వేగంలో ఈ ఇంజన్‌కు లాగే బలం చాలదు. ఆ లోటును విద్యుత్ మోటారు పూరిస్తుంది. మూడవది, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోవడం. పవర్ హౌస్ కూడలిలోనో, సుపేలా సిగ్నల్ దగ్గరో, హథ్‌ఖోజ్ లోపల లారీల వరుస వెనుకనో నిలబడే నిమిషాలలో పెట్రోలు ఖర్చు ఆగుతుంది.

అంటే ఆగుతూ సాగే దారిలోనే హైబ్రిడ్‌కు బలం. ఖాళీ రహదారిపై ఒకే వేగంతో వెళ్ళేటప్పుడు దాచుకోవడానికి బ్రేకు శక్తి ఉండదు, ఆపడానికి ఇంజన్‌కు వ్యవధి ఉండదు. డీజిల్ కార్లకు అలవాటుపడిన వారి అనుభవానికి ఇది సరిగ్గా తలకిందులు.

రెండు లక్షల లెక్క

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. అదే గ్రాండ్ విటారా మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ గేరు నమూనాకు 21.11. ఇవి ప్రయోగశాలలో కొలిచినవి. ఎండాకాలంలో ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని తిరిగేవారికి ఈ అంకెలు అందవు.

ఉదాహరణ కోసం కొన్ని అంకెలు తీసుకోవచ్చు. పెట్రోలు లీటరు 100 రూపాయలు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు అదే స్థాయి పెట్రోలు ఆటోమేటిక్‌కు మధ్య ధరలో తేడా రెండు లక్షల రూపాయలు. పట్టణ రద్దీలో పెట్రోలు కారు లీటరుకు 14 కిలోమీటర్లు, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకు వరుసగా 7 రూపాయల 14 పైసలు, 4 రూపాయల 55 పైసలు ఖర్చవుతుంది. మిగిలేది సుమారు 2 రూపాయల 60 పైసలు. ఈ లెక్కన రెండు లక్షలు తిరిగి రావడానికి దాదాపు 77,000 కిలోమీటర్లు తిరగాలి. రహదారిపై పెట్రోలు కారు 18, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకుంటే మిగిలేది కిలోమీటరుకు 80 పైసలు మాత్రమే. అప్పుడు రెండు లక్షలకు రెండున్నర లక్షల కిలోమీటర్లు కావాలి. సొంత కారు అంత దూరం తిరగడం అరుదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవాలి. లీటరుకు 20 ఇచ్చే కారు స్థానంలో 30 ఇచ్చే కారు కొంటే పది పెరిగింది కదా అని సంతోషిస్తారు. 10 ఇచ్చే కారు స్థానంలో 15 ఇచ్చే కారు కొంటే పెరిగింది అయిదే. కానీ వంద కిలోమీటర్లకు మొదటి సందర్భంలో ఆదా అయ్యే పెట్రోలు లీటరున్నర పైచిలుకు, రెండవ సందర్భంలో మూడు లీటర్ల పైచిలుకు. మైలేజీ పెరుగుదలను కాక, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తగ్గుతున్నాయో చూడాలి. ఇప్పటికే పొదుపైన చిన్న కారు నడిపేవారికి హైబ్రిడ్ వల్ల ఒనగూడేది అందుకే తక్కువ.

ఇప్పుడు ఈ అంకెలను మనుషులకు అన్వయించవచ్చు. సెక్టార్లలో ఉంటూ హథ్‌ఖోజ్‌లోని కర్మాగారానికి రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగి రానుపోను 20 కిలోమీటర్లు తిరిగితే, 300 పనిదినాలకు ఏడాదికి 6,000 కిలోమీటర్లు. అంతా రద్దీ దారే అనుకున్నా మిగిలేది 15,600 రూపాయలు. అదే రెండు లక్షలను 7 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంచితే ఏడాదికి 14,000 రూపాయలు వస్తాయి, అసలు భద్రంగా ఉంటుంది. 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చి కడితే మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 18,000. పెట్రోలులో మిగిలినది వడ్డీకే చాలదు. పైగా ఇంటి నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల లోపు ప్రయాణాలలో హైబ్రిడ్ తన పూర్తి శక్తిని చూపదు. చల్లబడిన ఇంజన్‌ను, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించడానికి మొదటి నిమిషాలలో ఇంజన్ నడవక తప్పదు. పదవీవిరమణ చేసి, ఉదయం కూరగాయలకు, సాయంత్రం గుడికి కారు తీసేవారి సంగతి ఇంకా స్పష్టం. వారి విషయంలో ఆ రెండు లక్షలు తిరిగి రావు.

భిలాయ్‌లో ఉంటూ రోజూ రాయపూర్ వెళ్ళివచ్చే వ్యక్తి లెక్క వేరు. జీఈ రోడ్డు మీద రానుపోను 70 కిలోమీటర్లు, 280 రోజులు అనుకుంటే 19,600. ఇతర తిరుగుడు కలుపుకుంటే 22,000. రద్దీ, ఖాళీ దారి కలగలిసిన ఈ ప్రయాణంలో పెట్రోలు కారు 15, హైబ్రిడ్ 21.5 ఇచ్చినా కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతాయి. ఏడాదికి 44,000. నాలుగున్నర ఏళ్ళలో అదనపు ధర తీరిపోయి, ఆ తరువాతది లాభం. ఈ వ్యక్తికి హైబ్రిడ్ కొనడం సమంజసమే. పర్యావరణ పరంగా చూసినా తేడా ఇతని దగ్గరే ఎక్కువ. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇతని పొదుపు ఏడాదికి 440 లీటర్ల పైన, అంటే దాదాపు ఒక టన్ను. మొదటి ఉద్యోగి తగ్గించేది అందులో మూడవ వంతు పైచిలుకు.

స్వస్థలానికి వెళ్ళే దారి

ఇక్కడి తెలుగు కుటుంబాలలో హైబ్రిడ్‌ను సమర్థించేవారు తరచు చెప్పే కారణం ఊరి ప్రయాణం. సంక్రాంతికో, వేసవి పెళ్ళిళ్ళకో విజయనగరం, శ్రీకాకుళం వైపు కారులో వెళ్ళేవారికి దూరం అయిదు వందల కిలోమీటర్ల మాట. రానుపోను 1,100 కిలోమీటర్లు అనుకుంటే, రహదారి లెక్కన మిగిలేది 900 రూపాయల లోపే. ఏడాదికి రెండుసార్లు వెళ్ళినా అది కారు ఎంపికను నిర్ణయించగల మొత్తం కాదు.

కనుమ దారిలో దిగేటప్పుడు బ్యాటరీ ఊరికే నిండుతుంది కదా అన్న వాదనలో సగం నిజముంది. జగదల్‌పూర్ మీదుగా వెళ్ళేవారు కేశ్‌కాల్ కనుమ ఎక్కి, కొరాపుట్ దాటాక సుంకి మీదుగా సాలూరుకు దిగుతారు. కొరాపుట్ సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది, సాలూరు మైదానంలో ఉంది. గ్రాండ్ విటారా, హైరైడర్‌ల హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్, అంటే ఒక యూనిట్ విద్యుత్తు కన్నా తక్కువ. మనుషులు, సామాను కలిపి 1,600 కిలోలు ఉన్న కారు నిట్టనిలువుగా 175 మీటర్లు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి ఇంతే. టైర్ల రాపిడి, గాలి తాకిడి, మార్పిడిలో నష్టాలు కొంత తినివేసినా, కనుమ సగం దిగేసరికి బ్యాటరీలో ఇక చోటు ఉండదు. అక్కడి నుంచి దిగుడు శక్తి వృథాయే. ఆ తరువాత కారును అదుపు చేయవలసింది ఇంజన్ బిగింపు, మామూలు బ్రేకులు. గేరు లీవరుపై ‘బి’ గుర్తు ఉన్న నమూనాలలో దిగుడు దారిలో దానిని వాడడం భద్రత దృష్ట్యా అవసరం. ఆరు వరుసల రాయపూర్–విశాఖపట్నం కొత్త రహదారి పూర్తిగా అందుబాటులోకి వచ్చాక ప్రయాణం నిలకడ వేగంతో సాగుతుంది కాబట్టి, ఈ దారిలో హైబ్రిడ్‌కు ఉన్న కొద్దిపాటి మొగ్గు మరింత తగ్గుతుంది.

సామాను సంగతి కూడా ముందే చూసుకోవాలి. కొన్ని నమూనాలలో బ్యాటరీ వెనుక భాగాన్ని ఆక్రమించడం వల్ల డిక్కీ చోటు తగ్గుతుంది. ఊరి నుంచి బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

పన్ను, రిజిస్ట్రేషన్

2017 జులై నుంచి 2025 సెప్టెంబరు వరకు నాలుగు మీటర్ల కన్నా పొడవైన హైబ్రిడ్ కార్లపై సెస్సుతో కలిపి 43 శాతం పన్ను ఉండేది. అదే పరిమాణంలోని 1,500 సీసీ లోపు పెట్రోలు కార్లపై అది 45 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు రద్దయి రెండింటికీ 40 శాతం జీఎస్టీ వర్తిస్తోంది. రెండు కార్ల ధరా తగ్గింది గాని, హైబ్రిడ్‌కు ఉండిన రెండు శాతం వెసులుబాటు పోయింది. పూర్తి విద్యుత్ కార్లపై మాత్రం 5 శాతమే కొనసాగుతోంది.

రోడ్డు పన్ను రాష్ట్రాల పరిధిలోనిది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయింపు ఇవ్వడంతో దేశమంతటా అదే అమలవుతోందన్న అపోహ కొందరిలో ఏర్పడింది. ఏ రాష్ట్రపు రాయితీ ఆ రాష్ట్రానికే. విశాఖపట్నంలో కొని భిలాయ్‌కి తెచ్చుకునేవారు, పన్నెండు నెలలకు మించి ఇక్కడే వాడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఉక్కు కర్మాగారం ఉద్యోగుల వంటి ప్రభుత్వరంగ సంస్థల వారికి 2021 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న బీహెచ్ శ్రేణి నంబరు అందుబాటులో ఉంది. పన్ను రెండేళ్ళకొకసారి చెల్లించే ఈ పద్ధతి, విరమణ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు తిరిగి వెళ్ళాలనుకునే వారికి బాగా ఉపయోగిస్తుంది. ధర పెరిగేకొద్దీ పన్ను, బీమా కూడా పెరుగుతాయి కాబట్టి రెండు కార్లకూ షోరూమ్ ధర కాక, ఆన్‌రోడ్ ధర వ్రాతపూర్వకంగా తీసుకుని పోల్చుకోవాలి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను కంపెనీలు తరచు పై శ్రేణి నమూనాలలోనే ఇస్తాయి. అందువల్ల ధరల తేడాలో పైకప్పు కిటికీ, పెద్ద తెర వంటి హంగుల ఖరీదు కూడా కలిసి ఉంటుంది.

విద్యుత్ కారు సంగతేమిటని అడిగేవారికి ఒక మాట. ఇంటి ఆవరణలో చార్జింగ్ ఏర్పాటు ఉండి, రోజువారీ తిరుగుడు ఊరిలోపలే అయితే కిలోమీటరు ఖర్చులో హైబ్రిడ్ దానితో పోటీపడలేదు. సెక్టార్లలోని కంపెనీ క్వార్టర్లలో ఉండేవారు మాత్రం చార్జింగ్ పాయింటుకు అనుమతి దొరుకుతుందో లేదో కొనకముందే టౌన్‌షిప్ అధికారులను అడిగి తెలుసుకోవాలి. సీఎన్‌జీ బంకు ఇంటికి దగ్గరలో ఉంటే, తక్కువ అదనపు ధరకే లభించే సీఎన్‌జీ కారు కూడా లెక్కలోకి వస్తుంది.

డబ్బు కోసం కాక సుఖం కోసం హైబ్రిడ్ కొనేవారిని తప్పుపట్టనక్కరలేదు. క్లచ్ లేని నడక, తక్కువ చప్పుడు, ఆగినప్పుడు కూడా ఏసీ చల్లదనం వయసు మళ్ళినవారికి విలువైనవే. దానిని పొదుపు అని పిలవడంలోనే చిక్కు ఉంది.

ఎండ, దుమ్ము, నిలిపి ఉంచడం

మే నెలలో 45 డిగ్రీలను తాకే ఎండలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల ఏసీ బ్యాటరీ విద్యుత్తుతో నడుస్తుంది. బ్యాటరీ తగ్గగానే ఇంజన్ మళ్ళీ మొదలవుతుంది. అందువల్ల వేసవి మైలేజీ శీతాకాలం కన్నా తగ్గడం లోపం కాదు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ప్రభావం రెండు రకాల కార్లపైనా ఉంటుంది కాబట్టి పోలికలో అది పెద్దగా తేడా తేదు.

ప్రధాన బ్యాటరీకి మారుతి, టొయోటా సంస్థలు ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఏది ముందు వస్తే అది వర్తిస్తుంది. రోజూ రాయపూర్ తిరిగే వ్యక్తికి కిలోమీటర్ల పరిమితి ఏడేళ్ళు దాటగానే పూర్తవుతుంది. తక్కువ తిరిగేవారికి ఏళ్ళే ముందు గడుస్తాయి. నారింజ రంగు తొడుగు ఉన్న తీగలలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి, తెలిసిన మెకానిక్ అయినా సరే వాటిని ముట్టుకోనివ్వరాదు.

హథ్‌ఖోజ్ వంటి ప్రాంతంలో ప్రత్యేకంగా పట్టించుకోవలసినది దుమ్ము. చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి, వెనుక సీటు దగ్గర ఉన్న రంధ్రాల గుండా కారు లోపలి నుంచే వెళుతుంది. అక్కడ సంచులు, దుప్పట్లు అడ్డుపెడితే, లేదా జల్లెడ మీద ఇనుప ధూళి పేరుకుంటే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆ జల్లెడను శుభ్రం చేశారా అని అడిగి చూడాలి. కారును నెలల తరబడి కదపకుండా ఊరికి వెళ్ళేవారు మరొక విషయం గమనించాలి. పెద్ద బ్యాటరీ ఎంత నిండి ఉన్నా, తాళం తీసి కారును మేల్కొలిపేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. అది దిగిపోతే హైబ్రిడ్ కారు కదలదు. పక్కింటివారికి తాళం ఇచ్చి, వారానికొకసారి అరగంట సేపు కారును ‘రెడీ’ స్థితిలో ఉంచమని చెప్పి వెళితే ఆ చిక్కు రాదు.